గోధుమచేను చెప్పిన లెక్క: సర్ జాన్ బెన్నెట్ లాస్ జీవితం

మధ్యాహ్న విరామపు గంట మ్రోగగానే మన కళాశాల చెట్ల నీడలో అన్నపు డబ్బాలూ, రొట్టెల మూటలూ ప్రక్క ప్రక్కనే తెరచుకొంటాయి. ఏ భాషలో చదువుకొన్నా, ఏ ఇంటినుండి వచ్చినా ఆకలి అందరికీ ఒక్కటే. ఆ ఆకలిని తీర్చే గింజ వెనుక ఎందరి శ్రమ దాగి ఉన్నదో మనం తలచుకొనేది తక్కువ. రాజుల చరిత్రలూ, కవుల చరిత్రలూ కళాశాల సంచికలలో తరచుగా వెలువడుతూనే ఉంటాయి. ఈ పర్యాయం మేము ఒక రైతు చరిత్రను పాఠకుల ముందుంచదలచాము. ఆయన విశ్వవిద్యాలయంలో చేరి కూడా పట్టభద్రుడు కాలేదు. అయినా గోధుమపైరు ఏమి తిని, ఎంత నీరు త్రాగి గింజగా మారుతుందో తెలుసుకొనడానికి ఒకే చేనిలో అర్ధశతాబ్దికి పైగా లెక్క వ్రాయించారు. ఆయన పేరు జాన్ బెన్నెట్ లాస్.

లాస్ 1814 డిసెంబరు 28వ తేదీన ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, హార్పెండెన్ గ్రామానికి చేరువనున్న రోథామ్‌స్టెడ్ భవనంలో జన్మించారు. 1822లో తండ్రి మరణించగా తల్లి సంరక్షణలో పెరిగారు. ఈటన్ పాఠశాలలోనూ, పిదప ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేస్‌నోస్ కళాశాలలోనూ చదివారు గాని, ఆనాడు అక్కడ ప్రధానమైన ప్రాచీన భాషల చదువు ఆయన మనస్సునకు పట్టలేదు. పట్టా పొందకుండానే ఇల్లు చేరి, 1834లో వంశపారంపర్యమైన భూముల నిర్వహణ చేపట్టారు. రసాయనశాస్త్రంపై మక్కువతో భవనంలోని ఒక పడకగదిని ప్రయోగశాలగా మార్చుకొన్నారు. తొలుత ఔషధపు మొక్కలను పెంచి వాటి సారాన్ని తీయడంలో కాలం గడిపారు. పిమ్మట ఆయన దృష్టి పంట ఎరువులవైపు మరలింది.

ఆ కాలంలో ఇంగ్లండు రైతులు ఎముకల పొడిని పొలాలకు విరివిగా చల్లేవారు. అది కొన్ని నేలలలో అద్భుతంగా పనిచేసేది. కొన్నింటిలో ఏ మాత్రం ఫలితమిచ్చేది కాదు. రోథామ్‌స్టెడ్ బంకనేల ఈ రెండవ కోవకు చెందినది. ఎందువల్ల ఇట్లు జరుగుతున్నదని లాస్ కుండీలలో మొక్కలు పెంచి పరీక్షించారు. ఎముకలలోని భాస్వరం నీటిలో కరగదనీ, దానిని గంధకామ్లంతో కలిపితే కరిగే రూపం పొందుతుందనీ గ్రహించారు. 1842లో దానికి పేటెంటు పొందారు. నేడు మన రైతులకు చిరపరిచితమైన సూపర్ ఫాస్ఫేట్ పరిశ్రమకు అది ముఖ్యమైన ఆరంభం. ఆ సంవత్సరాంతంలోనే కేరొలైన్ ఫౌంటెయిన్‌ను వివాహమాడారు. 1843లో థేమ్స్ తీరాన డెప్ట్‌ఫర్డ్‌లో కర్మాగారం స్థాపించారు. వ్యాపారం వృద్ధి చెంది ఆయన సంపన్నుడయ్యారు. అయితే ఆ ధనంలో పెద్ద భాగాన్ని ఆయన ఎక్కడ వినియోగించారో చెప్పడమే మా ఉద్దేశం.

1843 జూన్ మాసంలో లాస్ తమకు తోడుగా జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే యువ రసాయనవేత్తను నియమించుకొన్నారు. గిల్బర్ట్ బాల్యంలోనే తుపాకి ప్రమాదంలో ఒక కంటి చూపు కోల్పోయినవారు. జర్మనీలోని గీసెన్‌లో సుప్రసిద్ధుడైన లీబిగ్ వద్ద పరిశోధన చేసి 1840లో డాక్టరు పట్టం పొందినవారు. లాస్‌కు రైతు చూపూ, ధైర్యమూ ఉండేవి. గిల్బర్ట్‌కు తూనికలోనూ, వ్రాతలోనూ వెంట్రుకవాసి తేడాను సహించని పట్టుదల ఉండేది. ఈ ఇరువురి స్నేహం లాస్ మరణించేవరకు, అనగా 57 సంవత్సరాలు సాగింది.

ఆ శరత్కాలంలోనే బ్రాడ్‌బాక్ అనే చేనిలో గోధుమ విత్తారు. చేనిని పొడవైన మడులుగా విభజించారు. ఒక మడికి ఏ ఎరువూ వేయలేదు. మరొక మడికి ఏటా ఎకరానికి 14 టన్నుల పశువుల ఎరువు వేశారు. తక్కిన మడులకు భాస్వరం, పొటాష్ వంటి ఖనిజ లవణాలనూ, నత్రజని కలిగిన అమ్మోనియం లవణాలనూ వేర్వేరుగానూ, కలిపియూ వేస్తూ వచ్చారు. కోతల సమయంలో ఏ మడి గింజను ఆ మడికి, ఏ మడి గడ్డిని ఆ మడికి తూచి వ్రాశారు. గింజ, గడ్డి, మన్ను నమూనాలను భద్రపరచే ఆచారం కూడా ఈ ప్రయోగంతోనే మొదలైంది. పని చూడడానికి ఇంత సులభం. దానిని ఏటేటా మానకుండా చేయడమే దుష్కరం.

ఈ చేను త్వరలోనే ఒక మహా వివాదానికి కేంద్రమైంది. మొక్కలకు కావలసిన నత్రజని గాలినుండీ, వాననుండీ అమ్మోనియా రూపంలో తగినంత లభిస్తుందనీ, రైతు భూమికి తిరిగి ఇవ్వవలసినది ముఖ్యంగా ఖనిజ లవణాలనేననీ లీబిగ్ వాదించారు. 1845లో తమ పేరిట ఒక ఎరువును కూడా ఇంగ్లండులో అమ్మకానికి పెట్టించారు. కరిగే లవణాలు వాననీటిలో కొట్టుకొనిపోతాయన్న భయంతో, ఆ ఎరువును సులభంగా కరగని విధంగా తయారు చేయించారు. అది పొలంలో విఫలమైంది. ఇదే కాలంలో బ్రాడ్‌బాక్ మడులు మరొక కథ చెప్పసాగాయి. గురువు సిద్ధాంతానికి ఎదురుగా సాక్ష్యం వ్రాయవలసిన భారం శిష్యుడైన గిల్బర్ట్‌పై పడింది. వాదప్రతివాదాలు ఎన్నో సంవత్సరాలు నడిచాయి. లాస్, గిల్బర్ట్‌లు ఆ వాదానికి సమాధానంగా ప్రతి ఏటా మరొక పంట తూచారు. వానలో లభించే నత్రజని ఎంతో తెలుసుకొనడానికి ఎకరంలో వెయ్యవ వంతు వైశాల్యం గల వర్షమాపకాన్ని 1853లో నెలకొల్పారు. ఆ నీటిని పరీక్షించగా అందులోని నత్రజని గోధుమకు ఏ మూలకూ చాలదని తేలింది.

1852 మొదలు 1902 వరకు గల 51 పంటల సగటును చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఎరువు వేయని మడిలో ఎకరానికి సుమారు 13 బుషెళ్లు పండాయి. ఒక బుషెలు గోధుమ దాదాపు 27 కిలోలు. ఖనిజ లవణాలు మాత్రమే వేసిన మడిలో సుమారు 15 బుషెళ్లే వచ్చాయి. ఆ లవణాలతోపాటు ఎకరానికి 43 పౌన్ల నత్రజని అందించిన మడిలో 24, దానిని రెట్టింపు చేసిన మడిలో 33, మూడు రెట్లు చేసిన మడిలో 37 బుషెళ్లు లభించాయి. పశువుల ఎరువు వేసిన మడి దిగుబడి సుమారు 36. ఈ అంకెలలో రెండు పాఠాలున్నాయి. ఆ నేలలో గోధుమకు ప్రధానమైన కొరత నత్రజని అన్నది మొదటిది. మొదటి రెండు మోతాదులు తొమ్మిదేసి బుషెళ్లు పెంచగా మూడవది నాలుగే పెంచింది గనుక, ఎరువు పెరిగినకొద్దీ లాభం అదే పాళ్లలో పెరగదన్నది రెండవది. లాస్ కర్మాగారంలో ప్రధానంగా తయారయ్యేది భాస్వరపు ఎరువు. గోధుమకు అంతకంటె ముందు కావలసినది నత్రజని అని ఆయన చేను చెప్పినప్పుడు, ఆ మాటను దాచక ప్రకటించారు. వ్యాపారి చేతిలోని తక్కెడ ఇంత నిష్పక్షపాతంగా ఉండడం మాకు ఆశ్చర్యం కలిగించింది.

నత్రజని ఒక్కటే కాదు, నీటిని కూడా ఆయన తూచారు. 1849లో గోధుమ మొదలైన మొక్కలను మూతగల పాత్రలలో పెంచి, దినదినమూ తూచి, ఆకుల ద్వారా ఎంత నీరు ఆవిరిగా పోతున్నదో లెక్కించారు. ఎండిన మొక్క ఒక పౌను తూగవలెనంటే ఆ మొక్క రెండు వందల పౌన్లకు పైగా నీటిని పీల్చి విడిచిపెట్టవలసి ఉన్నదని గ్రహించారు. 1870లో ఇంగ్లండులో తీవ్రమైన వర్షాభావం ఏర్పడినప్పుడు, ఏ ఎరువు వేసిన మడి కరవును ఎట్లు తట్టుకొన్నదో పరిశీలించి ప్రకటించారు. వేరు లోతుగా దిగిన పైరే నేల అడుగు తేమను అందుకొనగలిగిందని ఆ పరిశీలన చూపింది.

ఇక ఈ జీవితంలో మాకు అత్యంత విలువైనదిగా తోచిన ఘట్టం చెప్పవలసి ఉన్నది. 1850 ప్రాంతంలో వే అనే రసాయనవేత్త, నేలలోని బంకమన్ను అమ్మోనియాను పట్టి ఉంచుతుందని నిరూపించారు. కనుక అమ్మోనియం లవణాలను ఎప్పుడు వేసినా అవి నేలలోనే భద్రంగా ఉంటాయని ఎవరికైనా తోచడం సహజం. లాస్, గిల్బర్ట్‌లు కూడా పెక్కు సంవత్సరాలు ఆ లవణాలను విత్తనానికి ముందు, శరత్కాలంలోనే నేలకు అందించారు. చలికాలమంతా వానలు కురుస్తాయి. పైరు అప్పటికి చిన్నది. దాని వేరు పీల్చేది స్వల్పం.

1849లోనే బ్రాడ్‌బాక్‌లో ప్రతి మడి నడుమ మురుగునీరు పోవడానికి భూమిలో మట్టిగొట్టాలు వేయించి ఉన్నారు. 1866 మొదలు ఆ గొట్టాలనుండి కారే నీటిని మడివారీగా పట్టి, ఫోల్కర్, ఫ్రాంక్‌ల్యాండ్ అనే ప్రసిద్ధ రసాయనవేత్తలకు పరీక్షకై పంపసాగారు. ఫలితం కలవరపెట్టేది. ఆ నీటిలో అమ్మోనియా జాడ స్వల్పమే గాని నైట్రేట్లు మెండుగా ఉన్నాయి. అమ్మోనియం లవణాలు ఎంత ఎక్కువ వేస్తే ఆ మడి గొట్టంలో నైట్రేట్లు అంత ఎక్కువగా కనిపించాయి. నేల అమ్మోనియాను పట్టి ఉంచిన మాట నిజమే. అయితే అది నేలలోనే నైట్రేటుగా మారుతుంది. నైట్రేటును బంకమన్ను పట్టి ఉంచలేదు. నీరు ఎటు పోతే అది అటు పోతుంది. ఎరువు కొట్టుకొనిపోతుందన్న లీబిగ్ భయం ఖనిజ లవణాల విషయంలో చాలవరకు అనవసరమైనదైనా, నైట్రేట్ల విషయంలో అక్షరాలా నిజమైంది.

ఈ మార్పునకు సూక్ష్మజీవులు కారణమని 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనేవారు నిరూపించారు. రోథామ్‌స్టెడ్‌లో వారింగ్టన్ ఆ విషయాన్ని మరింత లోతుగా పరిశోధించి, అది రెండు దశలలో జరుగుతుందని తేల్చారు. 1870లో లాస్ మరొక ఏర్పాటు చేయించి ఉన్నారు. ఎకరంలో వెయ్యవ వంతు వైశాల్యం గల నేలదిమ్మెలను మూడింటిని, మన్ను కదలకుండా చుట్టూ ఇటుక గోడ కట్టించి, అడుగున రంధ్రాల పలకలు అమర్చి, 20, 40, 60 అంగుళాల లోతున దిగే నీటిని కొలిపించారు. వాటిలో పైరు లేదు, ఎరువు వేయలేదు. పడిన వానలో సుమారు సగం లోతునకు ఇంకిపోతున్నదనీ, ఆ నీటితోపాటు సాలీనా ఎకరానికి 30 నుండి 40 పౌన్ల వరకు నత్రజని జారిపోతున్నదనీ వెల్లడైంది. బీడుగా, తడిగా ఉన్న నేల ఊరకనే తన సారాన్ని పోగొట్టుకొంటుందని దీని అర్థం.

ఈ సత్యం తెలిసిన పిదప లాస్ తమ పద్ధతిని మార్చుకొన్నారు. 1870 దశకం చివరనుండి అమ్మోనియం లవణాలను వసంతంలో, పైరు చురుకుగా పెరిగే వేళ వేయసాగారు. పోలికకై ఒక మడిలో మాత్రం పాత పద్ధతిని నిలిపి ఉంచారు. 1879లో చలి, వాన విపరీతమై ఇంగ్లండు గోధుమపంట ఆ శతాబ్దంలోనే ఘోరంగా దెబ్బతిన్నది. 1863లో అత్యుత్తమమైన పంటనిచ్చిన చేనే 1879లో అతిహీనమైన పంట ఇచ్చింది. ఎరువు సంచిలోని తూకం ఒక్కటే దిగుబడిని నిర్ణయించదు. అది వేసిన వేళా, తరువాత పారిన నీరూ కలిసి నిర్ణయిస్తాయి. ఎరువులు అమ్మి ధనవంతుడైన మనిషి, వేసిన ఎరువులో కొంత కాలువపాలవుతున్నదని తానే కొలిచి తానే లోకానికి చెప్పారు. ఆయన గొప్పతనం మాకు ఇక్కడ కనిపించింది.

ఆయన పొరపడని మహాత్ముడని మేము చెప్పడం లేదు. మొక్కలు గాలిలోని నత్రజనిని నేరుగా గ్రహించగలవా అన్న ప్రశ్నపై 1857, 1858 సంవత్సరాలలో లాస్, గిల్బర్ట్‌లు, అమెరికానుండి వచ్చిన పూ అనే శాస్త్రజ్ఞునితో కలిసి ఎంతో జాగ్రత్తగా ప్రయోగాలు చేశారు. మన్నును బాగా కాల్చి, మొక్కలను గాజుబుడ్ల క్రింద పెంచి, గ్రహించలేవని తేల్చారు. కాని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు ఆ పని చేస్తున్నవని ప్రకటించారు. మన్నును కాల్చినప్పుడే ఆ జీవులు నశించి ఉంటాయి. అతిజాగ్రత్తయే అక్కడ ఆటంకమైంది. ఆ వార్త తెలిసిన పిదప రోథామ్‌స్టెడ్‌లో ప్రయోగాన్ని తిరిగి చేసి, క్రొత్త సత్యాన్ని అంగీకరించారు. వృద్ధాప్యంలో తమ పాత నిర్ణయాన్ని సవరించుకొనడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

లాస్ తమ గ్రామంలోని కూలీలకు 1852 మొదలు కూరగాయలు పెంచుకొనడానికి చిన్న చిన్న భూభాగాలను ఇప్పించారు. ఆయన సేవకు కృతజ్ఞతగా రైతులు చందాలు పోగుచేసి కానుక ఇవ్వబోగా, వెండి సామాను బదులు ప్రయోగశాలను కోరుకొన్నారు. అది 1855లో ప్రారంభమైంది. అంతకుముందు పరిశోధన ఒక పాత కొట్టంలో సాగేది. 1854లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. 1867లో ఆయనకూ, గిల్బర్ట్‌కూ కలిపి పతకం ప్రదానం చేసింది. 1882లో ఆయనకు బారొనెట్ బిరుదం లభించింది. 1872లో ఎరువుల వ్యాపారాన్ని మూడు లక్షల పౌన్లకు విక్రయించారు. 1889లో అందులో మూడవ వంతు, అనగా లక్ష పౌన్లను, తమ తరువాత కూడా ప్రయోగాలు ఆగకుండా ఒక ధర్మనిధిగా ఏర్పాటు చేశారు. 1900 ఆగస్టు 31వ తేదీన రోథామ్‌స్టెడ్‌లోనే కన్నుమూశారు. మరుసటి సంవత్సరం డిసెంబరులో గిల్బర్ట్ కూడా ఆయనను అనుసరించారు.

బ్రాడ్‌బాక్ చేని చివర ఒక చిన్న భాగం కథ చెప్పక తప్పదు. 1882లో అక్కడి గోధుమను కోయక, దున్నక, యథాతథంగా వదలివేశారు. కలుపు మొక్కల పోటీకి తాళలేక కొద్ది సంవత్సరాలలోనే గోధుమ అచట కనుమరుగైంది. ఆ భాగం క్రమంగా అడవిగా మారింది. ప్రక్కనే ఏ ఎరువూ లేకున్నా మనిషి దున్ని, విత్తి, కలుపు తీసిన మడిలో గోధుమ ఏటా పండుతూనే వచ్చింది. మన రొట్టె ప్రకృతి ఊరక ఇచ్చినది కాదు, మానవ శ్రమ నిలబెట్టినదని చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం ఉండదని మా అభిప్రాయం.

ఆయన నాటిన విత్తనం దూరదేశాలలోనూ ఫలించింది. మురుగునీటిని పరీక్షించిన ఫోల్కర్ కుమారుడు 1889లో భారతదేశానికి వచ్చి, వ్యవసాయ స్థితిగతులను పరిశీలించి 1893లో నివేదిక వెలువరించారు. పిడకలుగా కాలిపోతున్న పేడ పొలానికి చేరవలెనని ఆయన నొక్కి చెప్పారు. మన రైతు నేర్పును మెచ్చుకొన్నారు. 1919లో ఫిషర్ అనే గణితవేత్త రోథామ్‌స్టెడ్‌లో చేరి, బ్రాడ్‌బాక్ దిగుబడులనూ, వాన లెక్కలనూ జోడించి పరిశీలిస్తూ నూతన గణాంక పద్ధతులను రూపొందించారు. మన తెలుగువారైన సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ వద్దనే పరిశోధన చేసి విశ్వఖ్యాతి పొందారు. అదే సంస్థలో పనిచేసిన పెన్‌మన్, లాస్ కట్టించిన నేలదిమ్మెల లెక్కలను పరిశీలించినవారు. నేలనుండీ, పైరునుండీ ఎంత నీరు ఆవిరిగా పోతుందో చెప్పే సూత్రాన్ని ఆయన 1948లో ప్రకటించారు. పైరుకు ఎంత తడి కావలెనో అంచనా వేయడానికి ఆ సూత్రమే పునాది అయింది.

రోథామ్‌స్టెడ్‌లో సమస్య వాన హెచ్చు కావడం. మన ఉత్తర భారతపు గోధుమచేలలో నీరు కాలువనుండో, బావినుండో రావలసి ఉంటుంది. అయినా సూత్రం ఒక్కటే. 1960 దశకం చివర పొట్టి గోధుమ రకాలు వచ్చిన పిదప, విత్తిన సుమారు 21 దినాలకు, మొదలు వద్ద క్రొత్త వేర్లు పుట్టే దశలో మొదటి తడి తప్పక ఇవ్వవలెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. నత్రజనిని ఒకేసారి కుమ్మరించక, కొంత దుక్కిలోనూ, మిగిలినది ఆ తడి సమయంలో పైపాటుగానూ వేయవలెనని సూచించారు. ఆ తడి తప్పితే ఎరువు పైరుకు అందదు. తడి మితిమీరితే ఎరువు వేరును దాటి లోతునకు జారుతుంది. 1913లో జర్మనీలోని ఒప్పావులో గాలినుండి నత్రజనిని తీసే కర్మాగారం ప్రారంభమైన నాటినుండి ఎరువు పుష్కలమైంది. దానితోపాటు దుబారా కూడా పెరిగింది. జారిపోయిన నైట్రేటు బావినీటిలో చేరి త్రాగేవారికి హాని చేయగలదు. రైతు అప్పుచేసి కొన్న ఎరువు అతని పైరుకు దక్కక, అతని బావిని చెడగొట్టడం కంటె విచారకరమైనది ఏమున్నది?

బ్రాడ్‌బాక్‌లో 1843లో విత్తిన ప్రయోగం నేటికీ సాగుతున్నది. రకాలు మారాయి, యంత్రాలు మారాయి, లెక్క వ్రాసే చేతులు ఎన్నో మారాయి. లెక్క మాత్రం ఆగలేదు. విద్యార్థి మిత్రులారా, మీలో సేద్యపు కుటుంబాలనుండి వచ్చినవారు పలువురున్నారు. సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు ఎరువు ఏ దినాన వేశారో, నీరు ఏ దినాన పెట్టారో, ఎంత పండిందో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. మన కళాశాల పాలకవర్గంవారికి కూడా మాదొక చిన్న విన్నపం. ఆవరణలో ఒక వర్షమాపకాన్ని నెలకొల్పి, దాని చిట్టాను ఏ తరగతికా తరగతి తరువాతివారికి అప్పగించే ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము. ఖర్చు స్వల్పం. కావలసినది ఏ ఒక్క దినమూ మానని శ్రద్ధ. సర్ జాన్ బెన్నెట్ లాస్ తమ జీవితమంతా వెచ్చించి చూపినది ఆ శ్రద్ధనే.